ఏ హైజాక్ వల్ల ఏ తనిఖీ వచ్చింది, ఏది దేన్ని ఆపుతుంది

అడిగిన ప్రశ్న ఇది: బెల్టు విప్పించడం దగ్గర్నుంచి గేటు దగ్గర మళ్లీ ఒళ్లు తడమడం దాకా విమానాశ్రయంలో ఇన్ని తనిఖీలు హైజాక్‌ల వల్లే వచ్చాయా? వచ్చినవి నిజంగా హైజాక్‌లను ఆపుతున్నాయా, లేక ఇదంతా పైపై తంతేనా?

సగం తనిఖీలు హైజాక్‌ల వల్ల వచ్చాయి, మిగతా సగం బాంబుల వల్ల. ఈ రెంటినీ కలిపి చూస్తే ఏదీ అర్థం కాదు. హైజాకర్ విమానంలో తాను ఉండాలి, చేతికి అందేచోట ఆయుధం ఉండాలి, పైలట్‌ను లొంగదీయాలి. బాంబు పెట్టేవాడికి తన సామాను ఎక్కితే చాలు, తాను ఎక్కనక్కర్లేదు. అందుకే మెటల్ డిటెక్టర్, హ్యాండ్ బ్యాగేజ్ ఎక్స్‌రే, కాక్‌పిట్ తలుపు హైజాక్‌కు విరుగుడు. చెక్-ఇన్ బ్యాగేజ్ స్కానింగ్, ప్రయాణికుడు రాకపోతే సామాను దించేయడం, 100 మిల్లీలీటర్ల నియమం, బూట్లు విప్పించడం బాంబుకు విరుగుడు. "ఈ షాంపూ సీసాతో విమానం ఎలా హైజాక్ చేస్తాను?" అని విసుక్కునేవాళ్లు తప్పు ప్రశ్న వేస్తున్నారు. ఆ నియమం హైజాక్ కోసం పెట్టింది కాదు.

అమెరికాలో 1961 మే నెలలో ఒక విమానాన్ని క్యూబాకు మళ్లించారు. ఆ సెప్టెంబరులోనే విమానాన్ని బలవంతంగా చేజిక్కించుకోవడాన్ని కేంద్ర నేరంగా చేసి, కనిష్ఠం 20 ఏళ్ల జైలు, గరిష్ఠం మరణశిక్ష అన్నారు. శిక్ష పెద్దదే గానీ ఆయుధాన్ని గేటు దగ్గర ఆపే ఏర్పాటు మాత్రం లేదు. ఫలితం ఊహించదగ్గదే. 1968 నుంచి 1972 చివరిదాకా అమెరికాలోనే 130కి పైగా హైజాక్ ప్రయత్నాలు జరిగాయి. ప్రపంచమంతా కలిపితే 1969 ఒక్క ఏడాదిలోనే 80 దాటాయి. అప్పటి పైలట్లకు క్యూబాలోని హవానా విమానాశ్రయం మ్యాపు దగ్గర పెట్టుకోవడం మామూలు జాగ్రత్త.

అందరినీ తనిఖీ చేయడానికి విమాన సంస్థలు ఒప్పుకోలేదు. క్యూలు పెరుగుతాయనీ, ప్రయాణికులు నొచ్చుకుంటారనీ, ఖర్చు తమ నెత్తిన పడుతుందనీ వాటి భయం. మధ్యేమార్గంగా 1969లో ప్రవర్తనను బట్టి అనుమానితులను ఏరి, వాళ్లను మాత్రమే మాగ్నెటోమీటర్ గుండా నడిపించే పద్ధతి మొదలైంది. ఆనాటి మాగ్నెటోమీటర్ భూమి అయస్కాంత క్షేత్రంలో ఇనుము కలిగించే మార్పును మాత్రమే పట్టేది. అల్యూమినియం, ఇత్తడి దానికి కనిపించవు. పైగా ఏరివేతలో తప్పిపోయినవాడు నేరుగా విమానం ఎక్కేసేవాడు.

1970 సెప్టెంబరులో పాలస్తీనా గెరిల్లాలు వరుసగా విమానాలను హైజాక్ చేసి మూడింటిని జోర్డాన్ ఎడారిలోని డాసన్స్ ఫీల్డ్‌కు, ఒకదాన్ని కైరోకు మళ్లించి, ప్రయాణికులను దించి పేల్చేశారు. సెప్టెంబరు 11న అధ్యక్షుడు నిక్సన్ విమానాల్లో సాయుధ మార్షల్స్‌ను పెడతామని ప్రకటించాడు. వేల విమానాల్లో కొద్దిమంది మార్షల్స్ ఏం చేస్తారో చెప్పనక్కర్లేదు. 1971 నవంబరు 24న డి.బి. కూపర్ పేరుతో జనం గుర్తుపెట్టుకున్న వ్యక్తి 2 లక్షల డాలర్లు, నాలుగు పారాచూట్లు తీసుకుని బోయింగ్ 727 వెనక మెట్ల నుంచి దూకేశాడు. ఆ మెట్లకు తర్వాత ఒక చిన్న రెక్క బిగించారు. గాలి వేగం ఉన్నంతసేపూ అది అడ్డంగా తిరిగి, మెట్లు కిందికి దిగకుండా ఆపుతుంది. ఒక్క నేరానికి ఇంత నేరుగా, ఇంత చవగ్గా తయారైన యాంత్రిక జవాబు ఈ రంగంలో మరోటి లేదు.

అసలు మలుపు 1972 నవంబరులో వచ్చింది. సదరన్ ఎయిర్‌వేస్ 49 విమానాన్ని ముగ్గురు హైజాక్ చేసి, డబ్బివ్వకపోతే ఓక్ రిడ్జ్ అణు రియాక్టర్ మీద విమానాన్ని కూల్చేస్తామన్నారు. అప్పటిదాకా హైజాక్ అంటే విమానంలో ఉన్నవాళ్ల ప్రాణాల లెక్క. ఆ బెదిరింపుతో కింద ఉన్నవాళ్ల ప్రాణాలు కూడా లెక్కలోకి వచ్చాయి. డిసెంబరులో అత్యవసర ఆదేశం ఇచ్చారు, 1973 జనవరి 5 నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుడికీ, ప్రతి హ్యాండ్ బ్యాగేజ్‌కూ తనిఖీ తప్పనిసరి అయింది. ఫిబ్రవరిలో క్యూబాతో ఒప్పందం కుదిరింది. హైజాకర్‌ను అప్పగించాలి, లేదా అక్కడే శిక్షించాలి. హైజాక్‌లు ఒక్కసారిగా పడిపోయాయి. ఘనత మెటల్ డిటెక్టర్‌దా, ఒప్పందానిదా అంటే, నా అంచనాలో రెంటినీ విడదీయలేం. ఆయుధం ఎక్కడం కష్టమైంది, ఎక్కినా దిగే చోటు లేకుండా పోయింది.

ఈ "దిగే చోటు" సంగతిని చాలామంది పట్టించుకోరు. 1963 టోక్యో ఒప్పందం విమానాన్ని, ప్రయాణికులను తిరిగి పంపమంది గానీ హైజాకర్‌ను ఏం చేయాలో గట్టిగా చెప్పలేదు. 1970 హేగ్ ఒప్పందం అప్పగించు లేదా విచారించు అంది. 1971 మాంట్రియల్ ఒప్పందం విమానం మీద చేసే విధ్వంసాన్ని కలిపింది. 1974లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో అనుబంధం 17 వచ్చింది. నేటి విమానాశ్రయ భద్రతా నియమాలన్నింటికీ మూలం అదే. 1978లో బాన్‌లో ఏడు సంపన్న దేశాలు, హైజాకర్లను అప్పగించని దేశానికి విమానాలు ఆపేస్తామన్నాయి. హేగ్ ఒప్పందంలో ఒక పెద్ద కంత ఉండేది. బయటి తలుపులన్నీ మూసిన క్షణం నుంచి మళ్లీ తెరిచేదాకా మాత్రమే విమానం "ప్రయాణంలో" ఉన్నట్టు లెక్క. తలుపు తెరిచి ఉండగా స్వాధీనం చేసుకుంటే అది హైజాకా కాదా అన్న వాదన మిగిలేది. 2010 బీజింగ్ ప్రోటోకాల్ దాన్ని పూడ్చింది. ప్రయాణానికి ముందు సన్నాహాలు మొదలైనప్పటి నుంచి, దిగిన 24 గంటల దాకా చట్టం వర్తిస్తుంది. భారత్ 2016లో చేసిన హైజాకింగ్ నిరోధక చట్టం దీన్నే అనుసరించింది. నమ్మదగిన బెదిరింపు కూడా అందులో నేరమే.

బెదిరింపు ఎందుకంత ముఖ్యమంటే, హైజాక్‌లలో చాలాసార్లు ఆయుధమే లేదు. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫాకర్ ఫ్రెండ్‌షిప్ విమానం "గంగా"ను లాహోర్‌కు మళ్లించినవాళ్ల చేతిలో ఉన్నది బొమ్మ తుపాకీ, చెక్క గ్రనేడు. 1978 డిసెంబరు 20న ఐసీ 410ను వారణాసిలో దింపించిన ఇద్దరి దగ్గర ఉన్నది బొమ్మ తుపాకీ, క్రికెట్ బంతి. 2016 మార్చి 29న ఈజిప్ట్‌ఎయిర్ 181ను సైప్రస్‌లోని లార్నకాకు మళ్లించినవాడి నడుముకున్నది ఉత్తుత్తి బాంబు బెల్టు. పైలట్ నమ్మితే చాలు, ఆయుధం ఉన్నట్టే. సెక్యూరిటీ చెక్ చేసే పనుల్లో జనానికి కనిపించనిది ఇదే. తనిఖీ పక్కాగా జరిగిందన్న నమ్మకం సిబ్బందికి ఉంటే, "నా దగ్గర బాంబుంది" అన్న మాట విలువ పడిపోతుంది. తనిఖీ సోమరిగా సాగుతుందని పేరుపడితే అదే మాటకు విలువ పెరుగుతుంది. పిల్లాడి బొమ్మ తుపాకీని హ్యాండ్ బ్యాగేజ్‌లోంచి తీసేయడం చాదస్తంగా కనిపించవచ్చు. పై మూడు ఘటనలు తెలిసినవాళ్లకు అలా అనిపించదు.

ఇక యంత్రాల సంగతి. ఇప్పటి మెటల్ డిటెక్టర్ గుమ్మంలోని తీగచుట్టలు సెకనుకు వందలసార్లు అయస్కాంత తరంగాలను పంపుతాయి. ఏ లోహంలోనైనా ఆ తరంగం చిన్న సుడి విద్యుత్తును పుట్టిస్తుంది, అది ఎంతసేపట్లో ఆరిపోతుందో యంత్రం కొలుస్తుంది. గుమ్మాన్ని ఎత్తును బట్టి భాగాలుగా విభజించారు కాబట్టి, పక్కనున్న దీపాల్లో చీలమండ దగ్గర వెలిగిందా, నడుము దగ్గర వెలిగిందా చూసి గార్డు ఎక్కడ వెతకాలో తెలుసుకుంటాడు. బూటు అడుగున ఉండే ఉక్కు పట్టీ, బెల్టు బకిల్, జేబులో చిల్లర తరచూ మోగిస్తాయి. మోగడం తప్పు కాదు. మోగినదానికి కారణం దొరక్కుండానే పంపేయడం తప్పు. ఏదీ లేకపోయినా అప్పుడప్పుడు మోగేలా కూడా పెడతారు. ఎవరిని మళ్లీ చూస్తారో ముందే తెలియకూడదన్నది దాని ఉద్దేశం. ఈ గుమ్మానికి పేలుడు పదార్థం కనిపించదు, ప్లాస్టిక్ కనిపించదు. చేత్తో తడమడం, మిల్లీమీటర్ తరంగాల బాడీ స్కానర్ అందుకే వచ్చాయి. బాడీ స్కానర్‌కు లోహంతో పని లేదు, చర్మం మీద ఏ వస్తువున్నా తరంగం తేడాగా తిరిగొస్తుంది. ఇబ్బందల్లా చెమట, మడతలు పడ్డ చీర, పెద్ద గుండీలు, జడలో బిగించిన క్లిప్పు కూడా తేడాగానే తిరిగొస్తాయి. తెర మీద మీ ఒళ్లు కనపడదు, అందరికీ ఒకటే బొమ్మ గీత, దాని మీద పసుపు గడి పడిన చోట మాత్రం తడుముతారు.

హ్యాండ్ బ్యాగేజ్ ఎక్స్‌రే రెండు శక్తి స్థాయుల్లో చూస్తుంది. రెండింటిలో ఎంతెంత కిరణం ఆగిపోయిందో పోల్చితే పదార్థం ఏ జాతిదో తేలుతుంది. సేంద్రియమైతే నారింజ రంగు, లోహమైతే నీలం, మధ్యరకమైతే ఆకుపచ్చ, కిరణం దాటలేనంత దట్టమైతే నలుపు. తిండి, పుస్తకాలు, సబ్బు, పేలుడు పదార్థం అన్నీ నారింజే. ఇక్కడే కష్టం మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌ను బయట పెట్టమనేది దాన్ని అనుమానించి కాదు. దాని బ్యాటరీ, బోర్డులు కింద ఏముందో కనపడనివ్వవు. సీటీ స్కానర్ ఉన్నచోట సంచి చుట్టూ తిరిగే కిరణం నుంచి వందల పొరల బొమ్మ తయారవుతుంది, స్క్రీనర్ దాన్ని తెర మీద తిప్పి చూడగలడు, సాంద్రత కూడా తెలుస్తుంది. అందుకే అలాంటి కొన్ని విమానాశ్రయాల్లో ల్యాప్‌టాప్ లోపలే ఉంచమంటున్నారు, ద్రవాల పరిమితిని కూడా సడలిస్తున్నారు.

యంత్రం కంటే తెర ముందు కూర్చున్న మనిషి ముందుగా అలసిపోతాడు. వేల సంచుల్లో తుపాకీ ఒక్కటీ కనపడని రోజులే ఎక్కువ. ఏదీ దొరకని పనిలో కన్ను చూస్తూనే ఉంటుంది, మెదడు చూడటం మానేస్తుంది. ఐరోపా నియమాల్లో తెర చూడటం వరుసగా 20 నిమిషాలకు మించకూడదని పెట్టింది అందుకే. ఇంకో ఉపాయం, నిజం సంచి బొమ్మలోకి యంత్రమే ఉత్తుత్తి కత్తినో తుపాకీనో చొప్పించడం. స్క్రీనర్ మీట నొక్కితే "ఇది పరీక్ష" అని వస్తుంది, నొక్కకపోతే అతని ఖాతాలో తప్పు పడుతుంది. క్యూ పెద్దదైనప్పుడు పై అధికారి "త్వరగా, త్వరగా" అన్నాడంటే ఈ జాగ్రత్తలన్నీ నీళ్లపాలే. తెర ముందు మనిషిని తొందరపెట్టడం కంటే రెండో లైను తెరవడం మేలు.

చేతులకు, సంచి పిడికి గుడ్డముక్క రాసి యంత్రంలో పెట్టడం పేలుడు పదార్థాల జాడ కోసం. ఆ ముక్కను వేడిచేసి, వచ్చిన ఆవిరి అయాన్లు ఎంత వేగంగా కదులుతాయో కొలుస్తారు. గ్లిజరిన్ ఉన్న చేతి క్రీము, ఎరువు, గుండె నొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ మందు తప్పుడు అలారానికి దారితీయొచ్చు. అలాంటి మందు వాడేవాళ్లు చీటీ దగ్గర పెట్టుకుంటే రెండో తనిఖీ త్వరగా ముగుస్తుంది.

గేటు దగ్గర గానీ మెట్ల దగ్గర గానీ రెండోసారి తనిఖీ ఎందుకు? ఒక విమానాశ్రయం తనిఖీని ఇంకో విమానాశ్రయం నమ్మలేకపోయిన చరిత్ర ఉంది. 1976 జూన్ 27న ఎయిర్ ఫ్రాన్స్ 139 టెల్ అవీవ్ నుంచి పారిస్ వెళ్తూ ఏథెన్స్‌లో ఆగింది. హైజాకర్లు అక్కడే ఎక్కి విమానాన్ని ఉగాండాలోని ఎంటెబ్బేకు తీసుకుపోయారు. 1985 జూన్ 14న టీడబ్ల్యూఏ 847 కూడా ఏథెన్స్ నుంచి బయల్దేరినదే. మొదట బయల్దేరిన చోట తనిఖీ ఎంత గట్టిగా ఉన్నా, మధ్యలో ఆగే ఊరు బలహీనమైతే మొత్తం ప్రయాణం బలహీనమే. 1999 డిసెంబరు 24న ఐసీ 814 విషయంలో ఇదే జరిగింది. కాఠ్‌మాండూలో ఐదుగురు ఆయుధాలతో ఎక్కారు, విమానం అమృత్‌సర్, లాహోర్, దుబాయ్ మీదుగా కాందహార్ చేరింది. ముగ్గురు ఉగ్రవాదులను విడిచిపెట్టాక డిసెంబరు 31న అది ముగిసింది. విమాన సంస్థ తన సొంత సిబ్బందితో విమానం మెట్ల దగ్గర మళ్లీ చూసే లాడర్ పాయింట్ చెక్‌కు బలం చేకూర్చింది ఇలాంటి ఘటనలే. భారత విమానాశ్రయాల భద్రతను రాష్ట్ర పోలీసుల నుంచి సీఐఎస్ఎఫ్‌కు అప్పగించడం 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలైంది. అదీ ఐసీ 814 ఫలితమే.

ప్రయాణికుణ్ణి ఎంత గాలించినా, పక్క గేటులోంచి వచ్చే సిబ్బందిని వదిలేస్తే లాభం లేదు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ ఆమ్ 73ను పట్టుకున్న నలుగురు ప్రయాణికుల లైనులో నిలబడలేదు. భద్రతా సిబ్బంది దుస్తుల్లో, భద్రతా వాహనంలా తయారుచేసిన బండిలో సరాసరి విమానం దగ్గరికి వచ్చారు. క్యాబిన్ సిబ్బంది హెచ్చరించడంతో పైలట్లు కాక్‌పిట్ పైకప్పు తలుపులోంచి తప్పించుకున్నారు. విమానం కదల్లేకపోయింది. కానీ లోపలివాళ్లు గంటల తరబడి చిక్కుకుపోయి, చివర్లో జరిగిన కాల్పుల్లో 20 మందికి పైగా చనిపోయారు. ప్రయాణికులను బయటికి పంపుతూ ప్రాణాలు కోల్పోయిన నీర్జా భనోట్ ఆ విమానంలోని సీనియర్ అటెండెంటే. మరుసటి ఏడాది డిసెంబరు 7న కాలిఫోర్నియాలో ఉద్యోగం పోయిన ఒక ఎయిర్‌లైన్ ఉద్యోగి, తిరిగి ఇవ్వని గుర్తింపు కార్డుతో తనిఖీ తప్పించుకుని, తుపాకీతో పీఎస్ఏ 1771 ఎక్కాడు. విమానం కూలి 43 మంది చనిపోయారు. సిబ్బంది కూడా మెటల్ డిటెక్టర్ గుండా పోవాలి, ఉద్యోగం మానిన రోజే కార్డు వెనక్కి తీసుకోవాలి అన్న నియమాలు అక్కడ పుట్టాయి. ఏ విమానాశ్రయమైనా ఎంత గట్టిదో తెలియాలంటే ప్రయాణికుల లైను కంటే ముందు చూడాల్సింది రెండు చోట్ల. సరుకు బండ్లు లోపలికి వచ్చే గేటు, ఉద్యోగం మానినవాళ్ల కార్డులు రద్దయ్యే వేగం.

2001 సెప్టెంబరు 11 నాటికి తనిఖీ పద్ధతి ఉంది, యంత్రాలు ఉన్నాయి, జాబితాలు ఉన్నాయి. అయినా 19 మంది హైజాకర్లు నాలుగు విమానాలు ఎక్కారు. అప్పట్లో అమెరికాలో తనిఖీ బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. అవి తక్కువ కోట్ చేసిన ప్రైవేటు కంపెనీలకు ఇచ్చేవి. జీతాలు ఎంత తక్కువంటే, చాలా పెద్ద విమానాశ్రయాల్లో స్క్రీనర్లు మానేసి కొత్తవాళ్లు చేరే రేటు ఏడాదికి 100 శాతం దాటింది. పని నేర్చుకునేలోపే మనిషి వెళ్లిపోయేవాడు. 4 అంగుళాల లోపు బ్లేడు ఉన్న చాకును ఆనాటి నియమమే అనుమతించేది. 19 మందిలో సగానికి పైగా చెక్-ఇన్ దగ్గరి ఏరివేతలో అనుమానితులుగా తేలారు. తేలినందుకు చేసిందల్లా, వాళ్లు విమానం ఎక్కారని నిర్ధారించుకునేదాకా వాళ్ల చెక్-ఇన్ బ్యాగులను ఆపడం. సామానులో బాంబు పెట్టి ఎక్కకుండా పోయేవాణ్ణి పట్టడానికి అల్లిన వల అది. తానే ఎక్కి చావదలచినవాడు అందులో పడడు.

ఆ రోజు వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయం కెమెరాలో దొరికిన ఒక దృశ్యం శిక్షణలో పాఠంగా పనికొస్తుంది. హైజాకర్లలో ఒకడు మొదటి మెటల్ డిటెక్టర్‌ను మోగించాడు, రెండోదాన్నీ మోగించాడు. గార్డు చేతి డిటెక్టర్‌తో ఒళ్లంతా చూశాడు. వెనక జేబు అంచుకు ఏదో తగిలించి ఉన్నట్టు వీడియోలో కనపడుతుంది. సంచికి పేలుడు పదార్థాల పరీక్ష కూడా చేశారు. అన్ని మెట్లూ పూర్తయ్యాయి, అతను వెళ్లిపోయాడు. దేనికి మోగిందో మాత్రం ఎవరూ తేల్చలేదు. పద్ధతి ప్రకారం చేశామన్న తృప్తికీ, అలారానికి కారణం కనుక్కోవడానికీ ఉన్న తేడా అది.

విమానంలోనూ అంతే. సిబ్బందికి నేర్పిన పద్ధతి హైజాకర్‌తో సహకరించు, కాలయాపన చెయ్, నేల మీదకు దించు, మిగతాది చర్చల వాళ్లు చూసుకుంటారు అని. ముప్పై ఏళ్ల అనుభవం దానికి ఆధారం. కానీ ఆ పద్ధతి హైజాకర్ బతకాలనుకుంటాడన్న ఊహ మీద నిలబడింది. 1972 ఓక్ రిడ్జ్ బెదిరింపు ఒక హెచ్చరిక. 1994 డిసెంబరులో అల్జీర్స్‌లో ఎయిర్ ఫ్రాన్స్ 8969ను పట్టుకున్నవాళ్లు పారిస్ మీద దాన్ని కూల్చబోతున్నారని అనుమానించి ఫ్రెంచ్ కమాండోలు మార్సెయ్‌లోనే దాడి చేశారు. అది రెండో హెచ్చరిక. రెండూ ఉన్నా శిక్షణ మారలేదు. 2001 తర్వాత మారింది. పైలట్ తలుపు తీయడు, క్యాబిన్‌లో ఏం జరిగినా దగ్గర్లోని రన్‌వేకు పోతాడు. ప్రయాణికుల వైఖరీ మారింది. ఆ మార్పు, ప్రయాణికులు హైజాకర్ల మీద తిరగబడిన యునైటెడ్ 93 విమానంలో సెప్టెంబరు 11 ఉదయమే కనిపించింది.

కాక్‌పిట్ తలుపు మీద నా అభిప్రాయం దాచను. 2001 తర్వాత పెట్టిన ఖర్చంతటిలో హైజాక్‌ను నేరుగా ఆపింది అదే. 2003 ఏప్రిల్‌కల్లా అమెరికాలో బిగించారు. 2003 నవంబరు 1 నుంచి 45.5 టన్నుల బరువు దాటిన, లేదా 60 సీట్లు దాటిన ప్రయాణికుల విమానాలకు ఐకావో తప్పనిసరి చేసింది. వినడానికి ఇనుప తలుపు బిగించడం తేలికే. నిజానికి దాని మీద మూడు విరుద్ధమైన బరువులున్నాయి. తూటాకూ, గుద్దుకూ ఆగాలి. కాక్‌పిట్‌లో గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే రెప్పపాటులో గాలిని వదలాలి, లేకపోతే ఆ తేడాకు గోడే విరుగుతుంది. లోపల పైలట్లిద్దరూ స్పృహ తప్పితే సిబ్బంది లోపలికి పోగలగాలి. మొదటిదానికి కవచం, రెండోదానికి ఒత్తిడికి తెరుచుకునే పలకలు లేదా గడియ, మూడోదానికి కోడ్ మీటలు. కోడ్ కొట్టినా లోపలి పైలట్ నిరాకరించవచ్చు, ఎందుకంటే కోడ్ తెలిసిన సిబ్బంది మెడ మీద కత్తి ఉండొచ్చు.

ఆ నిరాకరణ మీటే ఇంకో దారి తెరిచింది. 2014 ఫిబ్రవరి 17న ఇథియోపియన్ 702 కో-పైలట్, కెప్టెన్ మరుగుదొడ్డికి వెళ్లగానే తలుపు బిగించుకుని విమానాన్ని జెనీవాకు తీసుకెళ్లి ఆశ్రయం అడిగాడు. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525 కో-పైలట్ అలాగే తలుపు బిగించి ఆల్ప్స్ కొండల్లో కూల్చాడు, 150 మంది పోయారు. హైజాకర్‌ను బయట ఉంచిన తలుపే కెప్టెన్‌ను బయట ఉంచింది. వెంటనే కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలన్న సూచన ఐరోపాలో వచ్చింది, 2016లో దాన్ని సంస్థల అంచనాకు వదిలేశారు. ప్రతిసారీ క్యాబిన్ సిబ్బంది లోపలికి పోవడమంటే తలుపు ఇంకోసారి తెరవడమే. తలుపుకు అత్యంత బలహీనమైన క్షణం అది తెరిచిన క్షణమే. పైలట్ బయటికి రావాలంటే ముందు కెమెరాలో చూడాలి, నడవాలో ఎవరూ లేకుండా చేయాలి, ట్రాలీ అడ్డం పెట్టాలి, ఒకరు రాగానే తలుపు మూయాలి. ఆ ట్రాలీ బదులు విమానంలోనే బిగించిన అడ్డు గేటు పెట్టాలని 2023లో అమెరికా కొత్త విమానాలకు నియమం చేసింది. ఇరవై ఏళ్లు ఆలస్యమైందని నా ఫిర్యాదు.

బాంబుల వైపు క్లుప్తంగా. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క కూలి 329 మంది చనిపోయారు. వాంకూవర్‌లో బ్యాగు ఇచ్చిన ప్రయాణికుడు విమానం ఎక్కలేదు, బ్యాగు ఎక్కింది. టొరంటోలో ఎక్స్‌రే యంత్రం ఆ రోజు పాడైతే చేతి పరికరంతో చూశారు. మనిషి ఎక్కకపోతే సామాను దించాలన్న నియమానికి బలం వచ్చింది ఆ తర్వాతే. చివరి నిమిషంలో ఒకరు రాలేదని విమానం ఆగిపోవడం దీనివల్లే. ట్యాగు నంబరును బట్టి బ్యాగు ఏ కంటైనర్‌లో ఉందో తెలుసుకుని, దాన్ని బయటికి లాగి, వెతికి తీయాలి. 1988 డిసెంబరు 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పాన్ ఆమ్ విమానం పేలుడు, 2001 డిసెంబరు 22న బూటు బాంబు, 2006 ఆగస్టులో లండన్‌లో బయటపడిన ద్రవ బాంబుల పన్నాగం, 2009 క్రిస్మస్‌నాడు లోదుస్తుల బాంబు మిగతా నియమాలకు మూలాలు. సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు అంటే సీసా పరిమాణం గురించే, లోపల ఎంత మిగిలిందని కాదు. 200 మిల్లీలీటర్ల సీసాలో చివరి చుక్క ఉన్నా తీసేస్తారు.

హైజాక్ నిజంగా జరిగితే పైలట్, రాడార్‌కు విమానం గుర్తు చెప్పే ట్రాన్స్‌పాండర్‌లో 7500 పెడతాడు. రేడియో పాడైతే 7600, ఇతర ఆపదకు 7700. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి తిప్పేటప్పుడు 7500 మీదుగా పోకుండా చూసుకోవాలి. కంట్రోలర్ మొదట "7500 పెట్టారా, నిర్ధారించండి" అని మాత్రమే అడుగుతాడు, ఇంకేమీ కూపీ లాగడు. పొరపాట్లూ జరుగుతాయి. 2019 నవంబరు 6న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎయిర్ యూరోపా పైలట్ పొరపాటున హైజాక్ హెచ్చరికను మోగించాడు, విమానాశ్రయంలో కొంత భాగం మూతపడింది. నిజమైన హైజాక్ విమానం దిగితే దాన్ని వేరుగా పెట్టే ఐసోలేషన్ బే ఉండాలి. ఇతర పార్కింగ్ చోట్లకూ, భవనాలకూ, జనం తిరిగే చోట్లకూ కనీసం 100 మీటర్ల దూరం, కింద ఇంధన పైపులు, కరెంటు తీగలు, టెలిఫోన్ తీగలు లేని నేల. ఎంత దూరమున్నా, విమానం మళ్లీ ఎగరకుండా ఆపలేకపోతే వృథా. ఐసీ 814 అమృత్‌సర్‌లో సుమారు 50 నిమిషాలు నేల మీదే ఉంది. ఎన్ఎస్‌జీ కమాండోలు చేరేలోపు, ఇంధనం నింపకుండానే లేచిపోయింది. అదే అమృత్‌సర్‌లో 1993 ఏప్రిల్‌లో ఐసీ 427ను మాత్రం కమాండోలు నేల మీదే ముగించారు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఏ విమానాశ్రయ ప్రణాళికనైనా చూసి మొదట వేసే ప్రశ్న ఒకటే: దిగిన విమానాన్ని కదలకుండా చేసే బాధ్యత ఎవరిది, ఢిల్లీ నుంచి ఆదేశం రాకముందే ట్రక్కును ముక్కు చక్రానికి అడ్డం పెట్టే అధికారం అక్కడున్న అధికారికి ఉందా?

మీరు ప్రయాణికుడైతే చేయాల్సింది కొద్దిగానే. జేబులు ఖాళీ చేసి ట్రేలో పెట్టండి, ఒక్కో ట్రేలో సామాను పేర్చకుండా పరచండి, పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో కాకుండా హ్యాండ్ బ్యాగేజ్‌లో ఉంచండి, మోగితే ముందుకు నడవకుండా నిలబడండి. సరదాకు కూడా "బాంబు", "హైజాక్" అనకండి. 2017 అక్టోబరులో ముంబయి నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానం మరుగుదొడ్డిలో దొరికిన బెదిరింపు చీటీతో విమానాన్ని అహ్మదాబాద్‌కు మళ్లించారు. ఆ కేసులో నిందితుడికి 2019లో కింది కోర్టు కొత్త చట్టం కింద యావజ్జీవం, 5 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేసింది. ఆ నడుమ కాలమంతా అతను జైలు, కోర్టుల మధ్యే గడిపాడు.